రొయ్యల పిజ్జా, రెండు సముద్రం సినిమాలు

ఆ శనివారం అల్లుడు బస్సు దిగి తెచ్చిన థర్మోకోల్ పెట్టె మూత తీసేదాకా అతని మీద నాకు ఏ అనుమానమూ లేదని చెప్పలేను. కొంచెం ఎప్పుడూ ఉండేది. మూత తీశాక పెద్దదైంది.

పైన ఐసు, దాని కింద రొయ్యలు. తలలతో, మీసాలతో, వేలు పెట్టి నొక్కితే గట్టిగా ఉన్నాయి. మార్కాపురంలో మా వీధికి బండి మీద వచ్చే రొయ్యలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అవి చెరువులో పెంచినవి, రెండు ఊళ్లు తిరిగి అలిసిపోయి వస్తాయి. ఇవి అలా లేవు. నిన్న మొన్నటిదాకా సముద్రంలో ఉన్నవి. పక్కన కవరులో వంజరం చేప ముక్కలు కూడా ఉన్నాయి.

"యాడివి నాయనా ఇవి?" అని అడిగాను.

"మా ఊరివే అత్తమ్మా. వాటా కింద వచ్చాయి."

అని, కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆ తొందర నాకు నచ్చలేదు. వాటా అన్న మాట ఊరికే వస్తుందా? వేటకు పోయినవాళ్లు కదా వాటా పంచుకునేది. ఐసు ఫ్యాక్టరీలో నెలజీతం తీసుకునేవాడికి వాటా ఎవరిస్తారు?

నా అనుమానానికి ఒక కారణం ఉంది. మా అమ్మాయి ఒంగోలులో నర్సు ట్రైనింగులో ఉన్నప్పుడు, ఇతను వాళ్లమ్మను ఆస్పత్రికి తీసుకొచ్చేవాడు. అలా పరిచయమై పెళ్లిదాకా వచ్చింది. మనిషి నెమ్మది, విశ్వాసి, తాగడు. కాదనడానికి మాకు ఏమీ దొరకలేదు. ఇల్లు చూడటానికని మొదటిసారి వాళ్ల ఊరు పోయినప్పుడే నేను సముద్రాన్ని చూడటం కూడా. అంత నీరు ఒక్కచోట చూసి, కరువు నేల మీద పుట్టినదాన్ని, ముందు చేతులు జోడించాను. తర్వాత వాళ్లింట్లోకి వెళ్తే గోడ మీద ఒక కుర్రవాడి ఫోటో, దానికి ప్లాస్టిక్ పూలదండ. అల్లుడికి అన్న. వేటకు పోయి తిరిగి రాలేదు. వాళ్లమ్మ ఆ ఫోటో ఉన్న గోడ వైపు వీపు పెట్టి కూర్చొని మాకు టీ ఇచ్చింది. బయటికి వచ్చాక నేను సముద్రం వైపు మళ్లీ చూడలేదు.

ఆ రోజే ఇతని దగ్గర మాట తీసుకున్నాను. "నా బిడ్డ ఒడ్డున కూర్చొని ఎదురుచూడకూడదు నాయనా. పడవ ఎక్కనని చెప్పు" అన్నాను. "ఎక్కను అత్తమ్మా" అన్నాడు. మా విశ్వాసుల్లో ఒట్లు పెట్టుకోవడం లేదు. ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టే. ఆ ఒక్క మాట మీద నా బిడ్డను ఇచ్చాను. అందుకే ఆ రోజు పెట్టె ముందు కూర్చొని, రొయ్య మీసం పట్టుకొని, మాట తప్పినాడా తప్పలేదా అని ఆలోచిస్తున్నాను.

అమ్మాయి వంటింట్లోకి వచ్చి, "మా, కడగొద్దు, పులుసు పెట్టొద్దు. ఈ రాత్రికి పిజ్జా" అంది.

"రొయ్యలతో పిజ్జా ఏందే?"

"రొయ్యల పిజ్జా తింటా సముద్రం సినిమా చూస్తాం. అంతా మేము అనుకొనే వచ్చినాం. రెండు సినిమాలు, రెండు పిజ్జాలు. నవ్వే సినిమాకు రొయ్యలు, ఏడ్చే సినిమాకు చేప."

"అదేం లెక్క?"

"రొయ్యలైతే నవ్వుతా తినొచ్చు. చేప ముక్కలకు ముళ్లు తీసేసి పెడతా. ఏడుస్తా ముళ్లు ఏరుకోలేం గదా మా."

అప్పుడే మా ఆయన వచ్చాడు. పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే పని ఆయనది. జుట్టు మీద ఎప్పుడూ బూడిదరంగు పొడి ఉంటుంది. సంగతి విని, "కూరకు తగ్గ సంగటి అని విన్నాగానీ, సినిమాకు తగ్గ కూర అని ఇప్పుడే వింటన్నా. కానీయండి" అన్నాడు. మామూలుగా ఆయనకు కొత్త తిండి అంటే గిట్టదు. అంత సులువుగా ఒప్పుకోవడం కూడా నాకు అనుమానంగానే అనిపించింది.

నాకు సినిమాలంటేనే అనుమానం. కొనకనమిట్ల దగ్గర మా పల్లెలో, కాలు సరిగా లేక బడి దాకా నడవలేని నన్ను మా నాయన ఇంట్లోనే చదివించాడు. పగలంతా కూలికి పోయి వచ్చి, సాయంత్రం విరిగిన పలక ముక్క మీద అక్షరాలు రాసి చూపించేవాడు. ఆ అక్షరాలతోనే బైబిలు వాక్యం చదవడం నేర్చుకున్నాను. ఆ చదువుకు ఈ రోజుకీ ప్రభువుకు వందనాలు చెప్పుకుంటాను. సినిమాలో జరిగేదంతా జరగనిది, జరగనిదాన్ని చూసి ఏడిస్తే నిజంగా ఏడవాల్సినప్పుడు కన్నీళ్లు మిగలవు అనేవాడు నాయన. పిల్లలు టీవీ పెట్టుకున్నప్పుడు నేను వద్దనలేదు. కానీ అందులో వర్షం వస్తే ఎక్కడి నుంచి నీళ్లు పోస్తున్నారా అని చూసే అలవాటు నాకు పోలేదు.

పిజ్జా కాల్చడానికి మా ఇంట్లో ఓవెన్ లేదు. క్రిస్మస్‌కు కేకు చేసినట్టే చేశాం. పెద్ద ఇనుప గిన్నెలో ఇసుక పోసి స్టవ్ మీద కాగనిచ్చి, దాని మీద మా ఆయన ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన నున్నటి పలక రాయి పెట్టి, పైన మూత. అమ్మాయి ముందు రోజే పిండి తడిపి తెచ్చింది. మూత చిన్నదైపోతే పక్కింటి ఆవిడ దగ్గర పెద్ద మూత అడగడానికి నేను వెళ్లాను. ఆమె మూతతో పాటు తనూ వచ్చింది. ఆమెకు చేపల వాసన తగిలితే మధ్యలో గోడ అడ్డం కాదు.

"ఏంది వదినా ఇంత మంచి ఝింగా? ఇట్లాంటి రొయ్యలు మార్కెట్‌లో ఎప్పుడూ చూడలే."

"అల్లుడు తెచ్చినాడు."

"కొన్నాడా, పట్టినాడా?"

ఆమె తమాషాకే అని, మూత అక్కడ పెట్టి వెళ్లిపోయింది. నాలో ఉన్నదే ఆమె నోట వచ్చిందని నాకు భయమేసింది. పక్కన రొయ్యలు ఒలుస్తున్న అమ్మాయి తల ఎత్తలేదు. మెడ మీద జుట్టు పక్కకు తీసి ఉంటే చూశాను, కమిలి నల్లబడి ఉంది.

"ఎందుకు ఇట్ల నల్లబడినావు?"

"బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా మా."

మెడ వెనక ఎండ ఎట్ల పడిందో అడగాలని నాకు తోచలేదు. ఎందుకంటే అప్పుడే అల్లుడు జున్నులా ఉండే ఆ చీజు ముద్దను తురమడానికి కూర్చున్నాడు. కుడి అరచేయి అడ్డంగా ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది.

"చెయ్యేమైంది నాయనా?"

"ఏం లేదు అత్తమ్మా. కొంచెం ఒరుసుకుంది."

"ఐసు దిమ్మెలు పట్టుకుంటే ఒరుసుకోదు గదా. చల్లగా మొద్దుబారతాది."

"అవునత్తమ్మా" అని తురుముతూనే ఉన్నాడు. ముక్కు మీద కూడా తోలు ఊడి ఉంది. ఐసు ఫ్యాక్టరీలో ఎండ ఎక్కడిది? నేను మళ్లీ అడగలేదు. మనిషి అబద్ధం చెప్పడం లేదు, నిజమూ చెప్పడం లేదు. ఆ రెండింటి మధ్య అంత జాగ్రత్తగా నడిచే మనిషిని నేను నమ్మలేను.

పొద్దు గూకగానే మొదలుపెట్టాం. మొదటి పిజ్జా ఉల్లిపాయ, రొయ్యలు, పైన చీజు. మా ఆయన ఒక్క వాక్యంలో ప్రార్థన చేశాడు, ఆకలి మీద ఉంటే ఆయన భక్తి పొట్టిది. రొయ్యలు రబ్బరులా సాగలేదు, నీసు వాసన లేదు. కరెంటు పోలేదు. ఇంత మంచి తిండి నోటికి అందినందుకు లోపల స్తోత్రం చెప్పుకుంటూనే, పెట్టినవాడిని ఓరకంట చూస్తూ తిన్నాను.

సినిమా ఎక్కడిదో, తెలుగులో మాటలు పెట్టారు. సముద్రం పక్కన బంగళా అద్దెకు తీసుకుని ఒక కుటుంబం సెలవులకు పోతుంది. అక్కడ ఇంకో కుటుంబం ముందే దిగి ఉంటుంది. రెండు కుటుంబాలూ ఒకే మంచాల కోసం కొట్లాడుకుంటాయి. మా ఆయన పడీపడీ నవ్వాడు. నేను తెర చూడటం తక్కువ, అల్లుణ్ణి చూడటం ఎక్కువ. అందరూ నవ్వుతున్నచోట అతను నవ్వడం లేదు. బంగళా వెనక నీళ్లు కనిపించినప్పుడల్లా కొంచెం ముందుకు వంగుతున్నాడు.

ఒకచోట తెర మీద ఎవరో తెడ్డు వేస్తుంటే, "అట్లా పట్టుకుంటే పడవ గుండ్రంగా తిరుగుతుంది" అన్నాడు.

"నీకెట్ల తెలుసు?" అన్నాను.

"చిన్నప్పటి నుంచి చూస్తున్నా కదా అత్తమ్మా."

"చూస్తే తెలిసేదా, పడితే తెలిసేదా?"

మా ఆయన పిజ్జా ముక్క నా చేతిలో పెట్టి, "తినవే. పోలీసు స్టేషన్‌లో కూర్చున్నట్టు ఏందా ప్రశ్నలు" అన్నాడు. అమ్మాయి టీవీ సౌండు కొంచెం పెంచింది.

సినిమా అయిపోయింది. అమ్మాయి రెండో పిజ్జా, చేపది, పలక రాయి మీద పెట్టి మూత వేసి వచ్చింది. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మా నాయన ఇంటి నుంచి వచ్చింది. ఆదివారం రాత్రి భోజనానికి ముందు అందరం మోకాళ్ల మీద కూర్చొని, చిన్నవాళ్లతో మొదలుపెట్టి, ఆ వారంలో జరిగినదానికి ఒక్కొక్కరూ ఒక స్తోత్రం చెప్పాలి. చివరిది ఇంటి ఇల్లాలు చెప్పి ఆమేన్ అనాలి. ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు, ఎవరూ లేవకూడదు. ఒకసారి మా అమ్మ పొయ్యి మీద సంగటి మాడి బొగ్గయినా ఎవరూ లేవలేదు.

ప్రార్థనలో మాత్రం ఇతను నిజానికీ అబద్ధానికీ మధ్య దారిన నడవలేడని నా లెక్క. దేవుడి ముందు అబద్ధం ఆడే మనిషి కాదు.

"రేపటి దాకా ఎందుకు? ఇప్పుడే ఒక్కొక్కరం స్తోత్రం చెబుదాం" అన్నాను.

"పిజ్జా పొయ్యి మీదుంది మా," అంది అమ్మాయి.

"పొట్టి స్తోత్రాలు చెబుదాం."

నలుగురం కూర్చున్నాం. మొదట అమ్మాయి. నా చెవి ఆమె మీద లేదు, ఆమె తర్వాత వచ్చేవాడి మీద ఉంది. అమ్మాయి గబగబా అంది.

"తండ్రీ, మొన్న వల వేసే పడవలో నేను క్షేమంగా పోయి క్షేమంగా వచ్చినందుకు స్తోత్రం. ఆడమనిషి ఎక్కితే వల ఖాళీగా వస్తాదని అందరూ అన్నారు. నిండుగా వచ్చినందుకు స్తోత్రం. నాకు కక్కు రానందుకు స్తోత్రం. ఇది మా అమ్మకు ఎట్ల చెప్పాల్నో తెలియక ఇట్ల చెబుతా ఉన్నా. క్షమించు."

నేను కళ్లు తెరిచాను. నా జన్మలో ప్రార్థన మధ్యలో కళ్లు తెరవడం అదే మొదటిసారి. ముగ్గురూ కళ్లు మూసుకొనే ఉన్నారు, గట్టిగా, దొరికిపోయిన పిల్లల్లా. మళ్లీ మూసుకున్నాను.

అల్లుడు మొదలుపెట్టాడు. "ప్రభువా, నేను పడవ ఎక్కలేదు. అత్తమ్మకు ఇచ్చిన మాట తప్పలేదు. ఒడ్డు నుంచి లాగే వల అది. తాడు ఒక కొస ఒడ్డున మా చేతుల్లో, ఇంకో కొస ఆమె ఉన్న పడవలో. పడవ దూరం పోతుంటే తాడు జారింది. వదలకుండా పట్టుకునే బలం ఇచ్చావు. వందనాలు. తాడు లాగినందుకు వాటా ఇచ్చారు, ఆ రొయ్యలు ఇంటికి తేగలిగినందుకు వందనాలు. ఆమె పోతానంటే ఆపడం నా వల్ల కాలేదు."

తర్వాత మా ఆయన. చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. "తండ్రీ, అమ్మాయి నాకు మొన్ననే ఫోన్ చేసి చెప్పింది. నేను ఇంట్లో చెప్పలేదు. నన్ను గూడా కాపాడు" అన్నాడు.

ఇక నేను.

"తండ్రీ" అన్నాను. అక్కడ ఆగిపోయాను.

నా అనుమానం తప్పు కాదు. అనుమానించిన మనిషే తప్పు. నేను మాట తీసుకోవాల్సింది ఎవరి దగ్గరో వాళ్ల దగ్గర తీసుకోలేదు. మగవాడు కాబట్టి వాడే సముద్రం మీదికి పోతాడనుకున్నాను. ఆడపిల్ల కాబట్టి ఒడ్డున కూర్చుంటుందనుకున్నాను. నేను కన్న పిల్ల, నా చేతి వేలు పట్టుకుని మార్కాపురం రోడ్డు దాటడానికి ఏడ్చిన పిల్ల, అల మీదికి పోయి వచ్చి నా ముందు ఒక్క ముక్క చెప్పకుండా రొయ్యలు ఒలిచింది. ఈ సినిమాలూ ఈ పిజ్జాలూ కూడా నన్ను మెల్లగా నీళ్లకు అలవాటు చేయడానికే. నలుగురిలో ముగ్గురికి తెలుసు, నాకొక్కదానికే తెలియదు. నాకు కోపం వచ్చింది. కోపంతో స్తోత్రం చెప్పలేను. స్తోత్రం లేకుండా ఆమేన్ అనలేను.

వంటింట్లోంచి వాసన మొదలైంది. ముందు చీజు కరిగిన కమ్మటి వాసన. కాసేపటికి పిండి ఎర్రబడిన వాసన. ఎవరూ కదల్లేదు.

"తండ్రీ," అన్నాను మళ్లీ. ఏం చెప్పాలి? పోయి వచ్చినందుకు స్తోత్రం అందామనుకుంటే, ఎందుకు పోనిచ్చావు అనే ముందు వస్తోంది. మా అల్లుడి అన్నను కూడా ఆయనే పోనిచ్చాడు కదా, ఆ కుర్రవాడు మాత్రం తిరిగి రాలేదు కదా. ఆ తల్లి ఆ గోడకు వీపు పెట్టి కూర్చున్నట్టు నేను ఏ గోడకు కూర్చోవాలి? ఇవన్నీ పైకి అనలేదు. పైకి అనకపోయినా దేవుడు విన్నాడని నాకు తెలుసు.

మాడుతున్న వాసన గది నిండింది.

"ఏమే, మాడతా ఉంది" అని మా ఆయన గుసగుసగా అన్నాడు.

"ప్రార్థనలో మాట్లాడొద్దు" అన్నాను నేను.

పక్కన అమ్మాయి ముక్కు ఎగపీల్చింది. పొగకో, ఏడుపుకో తెలియదు. అల్లుడి వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. అంత దూరం నుంచి ఐసులో పెట్టి మోసుకొచ్చిన చేప అది. అది బొగ్గయిపోతోందని అందరికంటే బాగా అతనికి తెలుసు. అయినా మా ఇంటి పద్ధతి అని కదలకుండా కూర్చున్నాడు. ఆ కదలకపోవడమే నాకు పట్టుకోవడానికి దొరికింది.

"తండ్రీ, తాడు వదలని చేతికి స్తోత్రం. అది మాత్రం నిజంగా చెబుతున్నా. మిగతాదానికి ఇంకా నాకు స్తోత్రం రావడం లేదు. వచ్చినప్పుడు చెప్తాను. ఆమేన్."

అమ్మాయి వంటింట్లోకి పరుగెత్తింది. అల్లుడు లేచి గుడ్డతో పలక రాయిని అటు తిప్పి ఇటు తిప్పి దించాడు. చేతికి వేడి తగిలి "అబ్బా" అన్నాడు. ఆ ఒరుసుకున్న అరచేతికి కొబ్బరినూనె రాసింది నేనే. రాస్తూ, "ముందే చెప్పి ఉంటే ఈ తాడు దెబ్బా, ఈ కాలిన దెబ్బా రెండూ తప్పేవి" అన్నాను. "చెబితే మీరు తనను తిడతారని అత్తమ్మా" అన్నాడు. "ఇప్పుడు తిట్టననుకున్నావా?" అన్నాను. నవ్వాడు. సినిమా మొదలైనప్పటి నుంచి నవ్వడం అదే మొదలు.

పిజ్జా అడుగు నల్లగా అట్టలా అయింది. పైన చేప బాగానే ఉంది. కత్తితో అడుగు గీకి నాలుగు ముక్కలు చేశాం. ముళ్లు తీసేశానని అమ్మాయి చెప్పింది నిజమే, ఒక్క ముల్లు కూడా రాలేదు. మా ఆయన మాడిన అంచు కొరికి, "ఏడ్చే సినిమాకు ఇట్లనే ఉండాల" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన ఒక్కడే నవ్వుకున్నాడు.

రెండో సినిమాలో రెండు ఇళ్లవాళ్లకు ఒకటే పడవ. సగం సినిమా తగువులు, సగం తుఫాను. ఒక్కో అల లేచినప్పుడు నేను చీర కొంగు పట్టుకున్నాను. ఇంతకు ముందైతే ఆ నీళ్లు ఏ తొట్టిలోంచి పోస్తున్నారో వెతికేదాన్ని. ఇప్పుడు పడవలో ఉన్న ఆడమనిషి ఎక్కడ పట్టుకుందో, చేతులు ఎక్కడ పెట్టిందో చూశాను. అమ్మాయి నా పక్కన చేరి మోకాలి మీద గడ్డం ఆనించుకొని కూర్చుంది.

"అట్ల ఉండదు మా. మేము పోయింది దగ్గరకే. నీళ్లు చానా నెమ్మదిగా ఉన్నాయి. ఇంటి వెనక గట్టు మీద కూర్చున్నట్టే ఉంది."

"ఎందుకు పోయినావు?"

"ఊళ్లో ఆడోళ్లంతా ఒడ్డునే నిలబడి చూస్తారు మా. నాకు ఆ నిలబడి చూడటం చాతకాలేదు. ఒక్కసారి అటు పక్క నుంచి ఒడ్డు ఎట్ల ఉంటాదో చూడాలనిపించింది."

"ఎట్ల ఉంది?"

"చిన్నగా ఉంది. మా ఆయన తాడు పట్టుకొని నిలబడింది కనిపిస్తా ఉంది."

తెర మీద తుఫాను తగ్గింది. ఎవరు మిగిలారో ఎవరు పోయారో నేను సరిగా చూడలేదు.

"ఇంక పోనని మాటియ్యి" అన్నాను.

"ఇయ్యను మా."

ఆమెకు నేను మాట ఇవ్వడమూ నేర్పాను, ఇవ్వలేనప్పుడు ఇవ్వకపోవడమూ నేర్పాను. దాన్ని ఇప్పుడు తప్పు పట్టలేకపోయాను. అల్లుడు మాటలు వినపడనట్టు ప్లేట్లు ఎత్తుకొని వంటింట్లోకి వెళ్లాడు. మా ఆయన నిద్ర నటిస్తున్నాడు. ఆయన నిద్రలో ఎప్పుడూ గురక పెడతాడు, ఇప్పుడు పెట్టడం లేదు.

"మళ్లీ పోయేటప్పుడు నాకు చెప్పి పో" అన్నాను.

"చెబితే పోనిస్తావా?"

"పోనియ్యను. అయినా చెప్పి పో."